ఎస్సే అంటే వ్యాసమేనా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఆ మాట ఎస్సే.

గ్రూప్-1కి ప్రిపేర్ అయ్యేవాళ్లని అడగండి, ఎస్సే అంటే 150 మార్కుల పేపర్ అంటారు. అమెరికాలో డిగ్రీకి అప్లై చేసే కుర్రాడికి ఎస్సే అంటే 650 పదాలు దాటకుండా తన గురించి తను చెప్పుకునే కథ. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకి అది రైటింగ్‌లో రెండో టాస్క్, కనీసం 250 పదాలు, చేతిలో ఉండేది ఓ 40 నిమిషాలు. ఇంటర్ పిల్లలకి 'ఎస్సే క్వశ్చన్' అంటే ఎక్కువ మార్కులొచ్చే పెద్ద జవాబు. ఫోన్‌లో రాత్రి పన్నెండింటికి వీడియోలు చూసే మనలాంటి వాళ్లకి వీడియో ఎస్సే అని ఇంకోటి ఉంది.

మాట ఒకటే. అడిగేది మాత్రం ఒకటి కాదు. ఇదేదో భాషా పండితుల గొడవ అనుకుని వీడియో స్కిప్ చేయకండి. ఒక రకం ఎస్సే అడిగిన చోట ఇంకో రకం రాసిచ్చి వచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. రాసింది తప్పుగా ఉండదు, ఇంగ్లిష్ బాగానే ఉంటుంది, విషయం ఉంటుంది. అయినా మార్కులు రావు, సీటు రాదు. ఎందుకు రాలేదో కూడా ఎవరూ చెప్పరు.

ముందు మన తెలుగు మాట సంగతి చూద్దాం. ఎస్సేని మనం వ్యాసం అంటాం కదా. ఇప్పుడు ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం తీయండి. వృత్తం మధ్యలోంచి ఈ అంచు నుంచి ఆ అంచుకి గీసిన గీత పేరేంటి? వ్యాసం. మహాభారతం రాసినాయన ఎవరు? వ్యాసుడు. చిన్నప్పుడు తెలుగు పీరియడ్‌లో వ్యాసం, తర్వాత లెక్కల పీరియడ్‌లో వ్యాసం, ఇంటికెళ్తే తాతయ్య వ్యాసపీఠం మీద పుస్తకం పెట్టుకుని చదువుతుంటాడు. ఇవన్నీ ఏదో కాకతాళీయంగా కలిసిన మాటలు కావు.

సంస్కృతంలో 'అస్' అని ఒక ధాతువు ఉంది. విసరడం, వేయడం అని దాని అర్థం. దానికి ముందు 'వి' చేరితే వ్యాసం: విడదీసి వేయడం, పరవడం. మిరపకాయలు కళ్లంలో ఆరబోస్తారు చూడండి, ఒకదాని మీద ఒకటి పడకుండా, ప్రతి కాయకీ ఎండ తగిలేలా. అదీ వ్యాసం అంటే. వేదాన్ని విడదీసి పద్ధతిగా అమర్చాడు కాబట్టి కృష్ణద్వైపాయనుడికి వ్యాసుడని పేరొచ్చింది. వృత్తం ఎంత మేర పరుచుకుందో చెప్పే గీత కాబట్టి అదీ వ్యాసమే. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతిలో ఈ మాటని ఆ అర్థంలోనే వాడాడు. దానిలో సగం వ్యాసార్ధం. అన్నట్టు చాలామంది 'వ్యాసార్థం' అని ఒత్తు థ పెట్టి రాస్తారు. సగం అనే అర్థంలో ధ ఉండాలి. థ పెడితే వ్యాసానికి అర్థం అయిపోతుంది, అది వేరే సబ్జెక్టు.

ఇదే 'అస్'కి ముందు 'సమ్' పెడితే? సమాసం. అంటే కలిపి వేయడం. తెలుగు గ్రామర్‌లో మనల్ని ఏడిపించిన ఆ సమాసమే. వ్యాసం మిరపకాయలు ఆరబోయడమైతే, సమాసం మూట కట్టడం. అక్కడితో ఆగలేదు ఈ కుటుంబం. అభ్యాసం ఈ ఇంటిదే, విన్యాసం ఈ ఇంటిదే, ఉపన్యాసం, సన్న్యాసం కూడా. సన్న్యాసం అంటే అన్నీ కింద పెట్టేయడం. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉన్నా మనకి ఎవరూ పరిచయం చేయలేదు.

సరే, ఇప్పుడు ఇంగ్లిష్ మాటకి వద్దాం. ఎస్సే అనేది ఫ్రెంచ్ నుంచి వచ్చింది. ఫ్రెంచ్‌లో ఎసే అంటే ప్రయత్నం. ఈ రోజుకీ ఫ్రాన్స్‌లో కారు టెస్ట్ డ్రైవ్‌ని ఎసే అంటారు, రగ్బీలో స్కోరు చేస్తే దాన్నీ ఎసే అంటారు. ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్‌లో ఎగ్జాజియం, అంటే తూకం వేయడం. ఇంగ్లిష్‌లో దీనికో తోబుట్టువు ఉంది, 'అస్సే'. బంగారంలో ఎంత స్వచ్ఛత ఉందో పరీక్షించడం. మన దగ్గర నగల మీద బీఐఎస్ గుర్తు, 22 క్యారెట్లయితే 916 అనే అంకె, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉంటున్నాయి కదా, 2021 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. ఆ ముద్ర వేసే చోటు పేరు అస్సేయింగ్ అండ్ హాల్‌మార్కింగ్ సెంటర్. పరీక్షల్లో మీరు రాసే ఎస్సే, అమ్మ గాజు మీద వేసే ముద్ర, రెండూ ఒకే మాట నుంచి వచ్చాయి.

చూశారా తేడా? తెలుగు మాటలో పరవడం ఉంది. ఇంగ్లిష్ మాటలో తూచడం ఉంది. మనం రెండూ ఒకటే అనుకుని ఒకదానికి ఇంకోటి అనువాదంగా పెట్టేసుకున్నాం. నేను గమనించినంతలో మనవాళ్ల ఇబ్బంది అంతా ఇక్కడే మొదలవుతుంది. పరిచి రమ్మంటే పరుస్తాం, తూచి రమ్మన్నా పరిచే వస్తాం.

ఈ తూచడాన్ని రాతలోకి తెచ్చినాయన పేరు మిషెల్ ద మాంటేన్. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర ఉండేవాడు. కోర్టులో ఉద్యోగం. 1571లో, ముప్పై ఎనిమిదేళ్లకే అది చాలించుకుని తన ఇంటి పక్క బురుజులో పుస్తకాలన్నీ సర్దుకుని కూర్చున్నాడు. ఏం రాశాడు? వాసనల గురించి రాశాడు. బొటనవేళ్ల గురించి రాశాడు. భయం గురించి, అబద్ధాలాడేవాళ్ల గురించి, సముద్రం అవతల మనుషుల్ని తింటారని చెప్పుకునే జాతి గురించి రాశాడు. ఆ చివరిదాంట్లో వాళ్లని తిట్టడానికి బదులు, మతం పేరుతో బతికున్నవాళ్లని హింసించే మనం వాళ్లకంటే ఏ రకంగా మెరుగు అని తన దేశాన్నే తూకంలో వేశాడు. 1580లో ఇవన్నీ పుస్తకంగా వేస్తూ దానికి ఎసేలు అని పేరు పెట్టాడు. ప్రయత్నాలు అన్నమాట. తన కోసం ఒక పతకం చేయించుకుంటే దాని మీద త్రాసు బొమ్మ వేయించుకున్నాడు. మాటకీ ఆ బొమ్మకీ ఉన్న చుట్టరికం చెప్పాను కదా.

ఆయన రాతలో నాకు నచ్చేది ఏంటంటే, మొదలుపెట్టినప్పుడు ఒక మాట అంటాడు, మధ్యలో ఆగి అది నిజమేనా అని తనే అడుగుతాడు. చివరికి వేరే చోట తేలతాడు. మన పరీక్షలో అలా రాస్తే 'అభ్యర్థికి స్పష్టత లేదు' అని మార్కులు కోసేస్తారు. అది ఇంకో సంగతి.

ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ బేకన్ 1597లో ఆ పేరుతోనే పది ఎస్సేలు వేశాడు. ఆ తర్వాత అక్కడ ఈ మాట ఎలా పడితే అలా పాకింది. తత్వవేత్త జాన్ లాక్ మనిషి బుద్ధి గురించి నాలుగు భాగాల లావుపాటి గ్రంథం రాసి దాని పేరులో ఎస్సే అని పెట్టాడు. జనాభా గురించి మాల్థస్ 1798లో వేసిన పుస్తకం పేరులో కూడా ఎస్సే ఉంది. అలెగ్జాండర్ పోప్ అయితే ఏకంగా పద్యాలు రాసి వాటిని ఎస్సే అన్నాడు. వీళ్లందరి దగ్గరా ఆ మాటలో కాస్త వినయం ఉంది. 'ఇది ఆఖరి మాట కాదు, నా ప్రయత్నం' అని. ఆ వినయం ఎంతవరకు నిజం, ఎంతవరకు నటన అన్నది మీరే చదివి చూసుకోండి.

తెలుగులో ఈ తరహా రాత మొదలైనప్పుడు దానికి పేరు కూడా కుదరలేదు. సామినేని ముద్దునరసింహం నాయుడు గారి హితసూచని 1862లో అచ్చయింది. అందులో ఆయన తన రాతల్ని ప్రమేయాలు అన్నారు. కందుకూరి వీరేశలింగం గారు ఉపన్యాసాలు అన్నారు. ఇప్పుడు ఉపన్యాసం అంటే మైకు ముందు చెప్పేది కదా, అప్పట్లో కాగితం మీద రాసింది కూడా ఉపన్యాసమే. తర్వాత పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి సాక్షి వ్యాసాలు వచ్చాయి. లండన్‌లో 1711లో మొదలైన స్పెక్టేటర్ పత్రిక ఆయనకి నమూనా. అక్కడ ఒక క్లబ్బు ఉంటే ఇక్కడ సాక్షి సంఘం, అందులో జంఘాలశాస్త్రి లేచి మాట్లాడటం మొదలుపెడితే ఆపేవాడు లేడు. వాటిలో పరవడం తక్కువ, దులపడం ఎక్కువ. అంటే తూచే రకం వ్యాసం తెలుగులో లేక కాదు. స్కూల్లో మనకి నేర్పిన వ్యాసంలో లేదు, అంతే.

స్కూలు వ్యాసం మీకు నేను చెప్పక్కర్లేదు. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. స్కెచ్ పెన్‌తో సైడ్ హెడ్డింగులు, వాటి కింద గీతలు. దాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. తెలిసింది పద్ధతిగా పరచడం చాలా పెద్ద విద్య. కానీ అది అన్ని చోట్లా నడవదు. ఎక్కడ నడుస్తుందో ఎక్కడ నడవదో ఒకే విషయం మీద చూద్దాం. అనంతపురం వైపు వాళ్లకైనా నల్గొండ వైపు వాళ్లకైనా బాగా తెలిసిన విషయం తీసుకుంటా: బోరు బావి.

స్కూలు వ్యాసం అయితే 'నీరు ప్రాణాధారం' అని మొదలవుతుంది, 'కనుక మనమందరం నీటిని పొదుపుగా వాడుకోవాలి' అని అయిపోతుంది. ఫుల్ మార్కులు.

ఎస్సే క్వశ్చన్ అయితే 'భూగర్భ జలాలు తగ్గిపోవడానికి కారణాలు వివరించండి' అని అడుగుతారు. ఇక్కడ మీ అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. కింద గట్టి రాయి, నీళ్లు నిలిచేది పగుళ్లలోనే. వాన తక్కువ. చెరువులు పూడిపోయాయి. ఎకరానికో బోరు. ఒక బొమ్మ గీసి బాణాలు పెట్టండి. దీని పేరులో ఎస్సే ఉంది గానీ నిజానికి ఇది జవాబు. మన వ్యాసం అనే మాట దీనికి అతికినట్టు సరిపోతుంది, అందుకే మన క్వశ్చన్ పేపర్లలో 'వ్యాసరూప సమాధాన ప్రశ్నలు' అని ఉంటుంది.

ఇక గ్రూప్-1 జనరల్ ఎస్సే. మూడు గంటల్లో మూడు ఎస్సేలు, ఒక్కోటి 50. యూపీఎస్సీ అయితే మూడు గంటల్లో రెండే, ఒక్కోటి 125, వెయ్యి నుంచి పన్నెండు వందల పదాలు. మెరిట్‌కి లెక్కపెట్టే మెయిన్స్ 1750 మార్కుల్లో 250 ఇదే. తెలుగులో కూడా రాయొచ్చు. ఇక్కడ మనవాళ్లు చేసే పని ఏంటంటే, జనరల్ స్టడీస్‌లో రాసిన కారణాల లిస్టే ఇంకాస్త సాగదీసి రాసేస్తారు. కానీ వీళ్లు అడుగుతున్నది తూకం. బోరు బావి మీదే చూడండి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఒక తట్టలో, బిల్లు కట్టలేక కనెక్షన్ పోగొట్టుకునే భయం రైతుకి తప్పింది. ఇంకో తట్టలో, తోడే నీళ్లకి లెక్క చూసుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది. కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియక రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, పొలానికి నీళ్లు కావాలా వద్దా దానికేం తెలుసు? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండి అని ప్రభుత్వమే రైతుల్ని అడగాల్సి వచ్చింది. ఈ ఒక్క స్టార్టర్ సంగతి పట్టుకుంటే చాలు, ఎస్సే నిలబడుతుంది. రైతుది తప్పా? కరెంటు వేళలది తప్పా? మీరు ఎటు మొగ్గుతారో రాయాలి, మొగ్గకముందు రెండో తట్ట కూడా చూశారని తెలియాలి. ఐఈఎల్‌టీఎస్‌లోనూ, జీఆర్‌ఈలోనూ అడిగేది దీని చిన్న రూపమే. జీఆర్‌ఈలో ఇదివరకు రెండు ఉండేవి, 2023 సెప్టెంబర్ నుంచి ఒక్కటే, 30 నిమిషాలు.

అదే బోరు గురించి ఒక అమెరికన్ కాలేజీ పర్సనల్ ఎస్సే అడిగిందనుకోండి. ఇప్పుడు 2004 అక్కర్లేదు, పగుళ్ల రాయి అక్కర్లేదు. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని నాన్న వెనక మీరు పొలానికి వెళ్లారు. పక్క పొలం వాళ్లు మీకంటే లోతుగా వేయించారు, మీ బోరు ఎండింది. వాళ్ల మీద కోపం వచ్చింది. మరుసటి ఏడు మీరూ అప్పు చేసి ఇంకా లోతుకి వేయించారు. అప్పుడు ఎండింది వాళ్లది. ఆ రోజు మీకు ఏమనిపించింది? అక్కడ రాయాల్సింది అది. వాళ్లు నీళ్ల గురించి తెలుసుకోవడానికి అడగట్లేదు. అడిగేది మీ గురించి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లని అడిగేది ఎక్కువగా ఎస్‌ఓపీ, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. అది సొంత కథా కాదు, స్కూలు వ్యాసమూ కాదు. ఏం చదవాలనుకుంటున్నావు, ఎందుకు, దానికి ఇప్పటిదాకా ఏం చేశావు అన్నది. కొన్ని యూనివర్సిటీలు దీన్నీ, పర్సనల్ స్టేట్‌మెంట్‌నీ విడివిడిగా అడుగుతాయి. మనవాళ్లు ఒకటే రాసి రెండు చోట్లా అప్‌లోడ్ చేస్తారు.

మా చిన్నాన్న కూతురు తన ఎస్‌ఓపీ నాకు వాట్సాప్‌లో పంపింది. 'అన్నా, ఒక్కసారి చూడవా, రేపే లాస్ట్ డేట్' అని. మొదటి లైను 'చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ఎంతో ఇష్టం'. చాట్‌బాట్‌తో రాయించిందని చూడగానే తెలుస్తోంది, ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు, ఒక్క మనిషీ లేడు. ఫోన్ చేసి 'నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఏంటమ్మా?' అన్నా. ఆకు ఫొటో చూసి తెగులు పట్టే ప్రోగ్రాం అంది. పని చేసిందా? 'ల్యాబ్‌లో చేసిందన్నా, మామయ్య వాళ్ల చేలోకి తీసుకెళ్తే అన్నీ తప్పులే చెప్పింది. ఫొటోలన్నీ ల్యాబ్ లైట్ కింద తీశాం కదా, ఎండలో ఆకు వేరేలా పడింది. మళ్లీ చేలో ఫొటోలు తీసుకోవడానికి రెండు నెలలు తిరిగా.' మరి ఇది ఎస్‌ఓపీలో ఎందుకు లేదు? 'ఫెయిలైంది కదన్నా, ఎవరైనా చెప్పుకుంటారా?'

చెప్పుకోవాలి. చదివేవాళ్లకి కావాల్సింది అదే పేరా. బాట్‌కి ఆ చేను తెలియదు, ఆ రెండు నెలలు తెలియవు. నేను బాట్‌లకి వ్యతిరేకిని కాదు. లోకానికి తెలిసిన విషయాలు చక్కగా పరచడం వాటికి బాగా వచ్చు, అంటే మన స్కూలు వ్యాసం అద్భుతంగా రాస్తాయి. తూకం అడిగినప్పుడు తట్టలో వేయాల్సిన వస్తువు మన దగ్గరే ఉంటుంది. ఆ రాత్రి కూర్చుని తనే తిరగరాసింది. గ్రామర్ చూడ్డానికి బాట్‌ని వాడుకుంది, దానికి నేనేం అనలేదు.

ఇంకా కొన్ని చిన్నవి ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. ఫొటో ఎస్సే అంటే ఒకే విషయం మీద వరసగా ఫొటోలతో చెప్పే కథ. 1948లో లైఫ్ పత్రికలో యూజీన్ స్మిత్ ఒక పల్లెటూరి డాక్టర్ వెంట తిరిగి తీసినవి దానికి పేరున్న ఉదాహరణ. ఇక టీచర్ ఉద్యోగాలకి చదివేవాళ్లు 'ఎస్ఏ' అంటే అది స్కూల్ అసిస్టెంట్ పోస్టు, స్కూలు పిల్లలు 'ఎస్ఏ-1' అంటే సమ్మేటివ్ పరీక్ష. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ చేస్తే ఈ మూడూ కలగాపులగం అయిపోతాయి.

మిగిలింది వీడియో ఎస్సే. ఆ పేరుతో తిరిగే వీడియోల్లో చాలావరకు వికీపీడియా పేజీని మ్యూజిక్ వేసి చదవడమే. అవి వ్యాసాలు, ఎస్సేలు కావు. ఒక సినిమానో ఒక పాటనో తీసుకుని, అది నాకెందుకు నచ్చింది, నచ్చడం సరైనదేనా అని చూపిస్తూ వెళ్లేవి కొన్నే. తెలుగులో అలాంటివి చేసేవాళ్లు మీకు కనిపిస్తే లింకులు పంపండి, నేనూ చూస్తా. మరి ఈ ఎపిసోడ్ ఏ లెక్కలోకి వస్తుందంటే, వీరేశలింగం గారి కాలం అయితే ఉపన్యాసం అని సరిపెట్టేవాళ్లు. ఇప్పటికి అలాగే అనుకుందాం. ఉంటా మరి.